రూష్లికాన్ నల్లముక్క

1986 జనవరి 27. స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్ పక్కన రూష్లికాన్, అక్కడి ఐబీఎం ప్రయోగశాల. తీగలు తగిలించిన పింగాణీ ముక్క ఒకటి అంతకంతకూ చల్లబడుతోంది. గేయోర్గ్ బెడ్నోర్ట్స్ దాని విద్యుత్ నిరోధం కొలుస్తున్నారు.

నిరోధం మొదట తగ్గింది. చలి ముదిరేసరికి మళ్లీ పెరగసాగింది. ఆయనకిది కొత్త కాదు. 1983 నుంచి అలెక్స్ ముల్లర్‌తో కలిసి ఎన్నో ఆక్సైడ్లు కాల్చి, కొలిచి, పక్కన పెట్టారు. కానీ ఈసారి 11 కెల్విన్ల దగ్గర, అంటే మైనస్ 262 డిగ్రీల వద్ద, నిరోధం ఉన్నట్టుండి సగానికి పడిపోయింది. మళ్లీ కొలిచారు. మళ్లీ అదే!

ఆ ముక్క ఎలా తయారైందో చెప్పాలి. బేరియం, లాంథనం, రాగి నైట్రేట్లను నీళ్లలో కరిగించి ఆక్సాలిక్ ఆమ్లంలో పోశారు. మూడు లోహాలూ కలిసే అడుగుకు దిగాయి. పొడులను కల్వంలో ఎంత నూరినా అంతగా కలవవు. ఆ అవక్షేపాన్ని 900 డిగ్రీల దగ్గర 5 గంటలు కాల్చి, వచ్చిన పొడిని బిళ్ళలుగా నొక్కి, మళ్లీ కాల్చారు.

ఈ ఆక్సైడ్ గురించి ఫ్రాన్స్‌లోని కాన్ నగరంలో మిషెల్, ఎర్-రఖో, రవో అప్పటికే ప్రచురించారు. అయితే వారు మైనస్ 100 డిగ్రీల కిందికి దిగలేదు.

నన్ను ఇప్పటికీ కదిలించేది ఎక్స్-రే చెప్పిన సంగతి. బెడ్నోర్ట్స్ పొడి శుద్ధమైనది కాదు, అందులో మూడు రకాల స్ఫటికాలున్నాయి. నిరోధాన్ని అలా పడగొట్టిన అతివాహకత్వం, అంటే నిరోధమే లేకుండా కరెంటు పారే గుణం, ఫ్రెంచివారి పదార్థంలో లేదు. లాంథనం స్థానంలో కొంత బేరియం చేరిన, పొరలు పొరలుగా ఉండే మరో రాగి ఆక్సైడ్‌లో ఉంది. పాకం కచ్చితంగా కుదిరి ఉంటే ఏమీ కనబడేది కాదు. ఇది అదృష్టమంటే నేనొప్పుకోను. పాళ్లు మార్చి, కాల్చే తీరు మార్చి, ఆ 11ను 35 కెల్విన్ల దాకా తెచ్చింది వారి ఓపికే. 1973 నుంచి నిలిచిన రికార్డు 23.3.

అయినా ఏప్రిల్‌లో పంపిన వ్యాసానికి 'అతివాహకత్వం కావచ్చు' అన్నట్టే పేరు పెట్టారు. అయస్కాంత పరీక్ష ఇంకా మిగిలి ఉంది మరి. అదీ నెగ్గింది. 1987 ఆరంభంలో ఇట్రియం కలిసిన రాగి ఆక్సైడ్ 90 కెల్విన్లు దాటింది. ఇక చల్లబరచడానికి చవకైన ద్రవ నైట్రోజన్ చాలు. ఆ ఏడాదే, లూధియానాలో పుట్టిన ప్రవీణ్ చౌధరి బృందం అమెరికా ఐబీఎంలో ఆ ఆక్సైడ్‌ను పలుచని పొరగా పెంచి, నైట్రోజన్ చలిలోనే చదరపు సెంటీమీటరుకు లక్ష ఆంపియర్లకు పైగా కరెంటు పంపింది.

అదే అక్టోబరులో బెడ్నోర్ట్స్, ముల్లర్‌లకు నోబెల్ ప్రకటించారు. ఆ ముక్కను కొలిచి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు.