సగం బ్లేడుకు ముందు

తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇవ్వడానికి వరసలో నిలబడినవాళ్లకు టోకెనుతో పాటు సగం బ్లేడు చేతికివ్వడం చాలా ఏళ్లుగా చూస్తున్నాం. దాన్ని పట్టుకుని లోపలికి పోయి, తల తడుపుకుని, అరుగు మీది మనిషి ముందు మఠం వేసుకుని కూర్చుంటే కాసేపట్లో మొక్కు తీరిపోతుంది. రాలిపడే వెంట్రుకల్ని అందరూ చూస్తారు, బ్లేడు వంక ఎవరూ చూడరు. నా చూపు మాత్రం దాని మీదికే పోతుంది. మా ఇంట్లో తరాలుగా వచ్చిన చేతిపని ఆ సగం ముక్కతోనే మారిపోయింది.

మాది చిత్తూరు పక్క పల్లె. తాత కాలంలో క్షవరానికి డబ్బులు చేతికిచ్చే పద్ధతి లేదు. పంట ఇంటికొచ్చే వేళ కళ్లం దగ్గర వడ్లో రాగులో చెనిక్కాయలో మేరగా కొలిచి పోసేవాళ్లు. ఏడాదంతా ఆ ఇంటి తలలూ గడ్డాలూ తాతవే. క్షవరం వాకిట్లోనో పశువుల కొట్టం పక్కనో జరిగేది. చేయించుకున్నవాళ్లు తలకు పోసుకుంటేగాని ఇంట్లోకి అడుగు పెట్టకూడదు. అదే తాత మేళం వాయించేటప్పుడు పెళ్లి ఊరేగింపులో అందరికన్నా ముందు నడిచేవాడు. ఆ రెండు మర్యాదలూ ఒకే ఊరివి. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

తాత పొదిలో రెండు కత్తులు, కత్తెర, గోరుగల్లు, ఇత్తడి గిన్నె, చిన్న అద్దం, నూరే రాయి, తోలుపట్టా ఉండేవి. పనంతా ఆ చివరి రెండింటిలోనే ఉంది. రాయి మీద నీళ్లు చిలకరించి కత్తిని పడుకోబెట్టేవాడు. వీపూ అంచూ రెండూ రాయిని తాకుతుండాలి. అంచు ముందుగా పోయేలా తోసి, కొసన వీపు మీదనే తిప్పి, రెండో పక్కతో వెనక్కి లాగేవాడు. తోలు మీద పద్ధతి తలకిందులు: వీపు ముందు, అంచు వెనక. అక్కడ అంచు ముందు పోతే తోలు తెగుతుంది, కత్తి మొద్దుబారుతుంది. రాయి పని ఎప్పుడో ఒకసారి, తోలు పని మాత్రం ప్రతి గడ్డానికీ ముందు. పదును కుదిరిందో లేదో ముంజేతి వెంట్రుకను తాకించి చూసేవాడు. లాగకుండా తెగితేనే మనిషి చెంప మీద పెట్టేది.

పదును పెట్టే ఈ విద్య మా చేతుల్లోంచి ఫ్యాక్టరీకి పోవడం అమెరికాలో మొదలైంది. కింగ్ క్యాంప్ జిల్లెట్ 1901లో కంపెనీ పెట్టాడు. 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లే. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వం సైనికుల కోసం లక్షలకొద్దీ రేజర్లు కొన్నాక, సొంత గడ్డం సొంతంగా గీసుకోవడం మగవాళ్లకు అలవాటైపోయింది. అప్పటి బ్లేడు ఇట్టే తుప్పు పట్టేది. 1960లలో స్టెయిన్‌లెస్ బ్లేడు రావడంతో ఆ బాధ తప్పింది. మన వైపు టోపాజ్, సెవెన్ ఓ క్లాక్ పేర్లు తెలియని ఇల్లు లేదు.

తిరుమల కొండ మీద కత్తి పోయి బ్లేడు రావడానికి జనం తాకిడి కూడా తోడైందని నా నమ్మకం. 1933లో మహంతుల పాలన పోయి దేవస్థానం కమిటీ వచ్చింది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచారు, 1974లో రెండోది. నడిచి ఎక్కగలిగినవాళ్లే వచ్చే కొండకు బస్సులు పోవడం మొదలైంది. ఒక తలకూ ఇంకో తలకూ మధ్య కత్తిని తోలు మీద సాగదీసే తీరిక ఇక ఎక్కడిది?

ఆ మీదట భయం వచ్చింది. 1986లో మద్రాసులో తీసిన రక్తాన్ని వేలూరు సీఎంసీలో పరీక్షించినప్పుడు మన దేశంలో హెచ్ఐవి ఉన్నట్టు మొదటిసారి బయటపడింది. వేలూరు మాకు పక్క ఊరే, పెద్ద జబ్బు చేస్తే చిత్తూరువాళ్లు పరిగెత్తేది అక్కడికే. క్షవరం అంగట్లో కూర్చున్నవాళ్లు "కొత్త బ్లేడేనా?" అని అడగడం అప్పటినుంచీ పెరిగింది. మా నాయన, తాత కత్తిని పొదిలోనే ఉంచి, బ్లేడు దూర్చే కత్తి కొన్నాడు. బ్లేడును కాగితంతో సహా నడుమకు వంచి విరిచేవాడు. ఒక మనిషికి ఒక సగం, అయిపోతే పారేయడమే. నాయన చేసింది ముమ్మాటికీ సరైన పని. నూరడం ఎంత గొప్ప విద్య అయినా మనిషి ప్రాణం కన్నా గొప్పది కాదు.

అయితే పదును ఫ్యాక్టరీకి పోయినా వాటం చేతిలోనే మిగిలింది. ఈ మధ్య తిరుపతిలో, బెంగళూరులో చదువుకునే మా పిల్లలు సేఫ్టీ రేజర్లు తెప్పించుకుని, ఏది ఎంత అగ్రెసివ్ అని వాదించుకుంటున్నారు. జర్మనీ మ్యూలే ఆర్41 లాంటివి అందులో పేరుమోసినవి. వాటి దూకుడంతా కొలతల్లో ఉంది: బ్లేడు అంచు ఎంత బయటికి పొడుచుకొచ్చింది, అంచుకూ కింది పట్టీకీ మధ్య సందు ఎంత అన్నదే. ముదురు గడ్డాన్ని ఒక్క వాటుకే తీసేస్తాయి, లేత చర్మానికి మంట పుట్టిస్తాయి. మెత్తటి రేజరుతో చేయి కుదిరినవాళ్లే వాటిని ముట్టుకోవాలి. ఎంత దూకుడు రేజరుకైనా కింద ఒక అడ్డు ఉంటుంది. మా కత్తికి ఏ అడ్డూ లేదు.

నేరుగా కత్తే పట్టాలనుకునేవాళ్లకు నాయన చెప్పే పద్ధతే చెబుతాను. వేన్నీళ్ల స్నానం చేసి, నురగ బాగా పట్టించాకే మొదలుపెట్టాలి. ఎడమచేత్తో చర్మాన్ని బిగలాగి, కత్తిని చర్మానికి ముప్పై డిగ్రీల వాలులో ఉంచి, వెంట్రుక వాలిన వైపే దించాలి. బరువు వేయకూడదు, పక్కకు అసలే జరపకూడదు. మొదటి నెల చెంపలు మాత్రమే కత్తితో తీసి, మిగిలింది మామూలు రేజరుతో కానివ్వాలి. చెంపలు కుదిరాక మెడ, ఆ తర్వాత పైపెదవి. గడ్డం కొస అన్నిటికన్నా ఆఖరున.