‘బాయ్ ఇన్ ది బాక్స్’: 65 ఏళ్లకు పేరు చెప్పిన డీఎన్‌ఏ.. మరి హంతకుడెవరు?

హత్య కేసు ముందుకు కదలాలంటే ముందు చనిపోయింది ఎవరో తెలియాలి. అమెరికాలోని ఫిలడెల్ఫియా పోలీసులకు ఆ ఒక్క విషయం తేల్చడానికే 65 ఏళ్లు పట్టింది.

అసలేం జరిగింది?

1957 ఫిబ్రవరి. ఈశాన్య ఫిలడెల్ఫియాలోని ఫాక్స్ చేజ్ ప్రాంతంలో రోడ్డు పక్కన ఓ అట్టపెట్టె దొరికింది. చంటిపిల్లల ఊయల తొట్టి ప్యాక్ చేసి అమ్మిన పెట్టె అది. లోపల దుప్పట్లో చుట్టిన చిన్న బాలుడి మృతదేహం. ఒంటి నిండా దెబ్బలు. సరిగా తిండి లేక చిక్కిపోయాడు. ఫొటోతో లక్షల్లో పోస్టర్లు పంచినా బాబు ఎవరో తేలలేదు.

పాత పరీక్షతో ఎందుకు కాలేదు?

1998లో సమాధి తవ్వి, పంటి నుంచి మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ తీశారు. ఇది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. పోల్చడానికి బంధువుల శాంపిల్ ఉంటేనే ఉపయోగం. మామూలు ఫోరెన్సిక్ పరీక్షదీ ఇదే సమస్య. అందులో చూసేది 20 మార్కర్లకు అటూఇటూ. అవి తల్లిదండ్రులు, తోబుట్టువుల్లాంటి దగ్గరివాళ్లనే పట్టిస్తాయి.

మలుపు తిప్పిన జెనెటిక్ జీనియాలజీ

2019లో అవశేషాలను మళ్లీ బయటకు తీశారు. డీఎన్‌ఏ బాగా పాడైపోవడంతో పనికొచ్చేలా చేయడానికే రెండేళ్లకు పైగా పట్టింది. ఈ పద్ధతిలో డీఎన్‌ఏలో లక్షల చోట్ల తేడాలు చదువుతారు. తమ వంశం గురించి తెలుసుకోవాలని జనం స్వయంగా అప్‌లోడ్ చేసిన డేటాతో పోలుస్తారు. దూరపు చుట్టం ఒక్కరు దొరికినా చాలు.. తీగ లాగితే డొంకంతా కదులుతుంది.

ఇక్కడా అదే జరిగింది. మొదట తల్లి తరఫు బంధువులు, వాళ్ల ద్వారా తల్లి ఎవరో తెలిసింది. కోర్టు ఉత్తర్వుతో జనన రికార్డులు తీయిస్తే తండ్రి పేరూ దొరికింది. 2022 డిసెంబర్ 8న పోలీసులు ప్రకటించారు: ఆ బాలుడు జోసెఫ్ అగస్టస్ జారెల్లి. పుట్టింది 1953 జనవరి 13న. అంటే చనిపోయేనాటికి నాలుగేళ్లు.

కేసు ముగిసినట్టేనా?

కాదు. చనిపోయింది ఎవరో డీఎన్‌ఏ చెప్పింది, చంపింది ఎవరో చెప్పలేదు. తమకు అనుమానాలున్నా పేర్లు బయటపెట్టబోమని పోలీసులు అన్నారు. అరెస్టు ఎప్పటికీ జరగకపోవచ్చని కూడా ఒప్పుకున్నారు. అయితే బాబు ఎక్కడ ఉండేవాడు, ఎవరి దగ్గర పెరిగాడు అని అడగడానికి ఇప్పుడు దారి దొరికింది.

అంతకుముందు సమాధి మీద ‘అమెరికాకు చెందిన గుర్తు తెలియని బాలుడు’ అని ఉండేది. 2023 జనవరి 13న, బతికి ఉంటే 70 ఏళ్లు నిండే రోజున, అక్కడ జోసెఫ్ పేరుతో కొత్త రాయి పెట్టారు.