దురదగలవారి పడక : దాని చరిత్ర

రాజులను గూర్చియు, యుద్ధములను గూర్చియు చరిత్రకారులు వ్రాసిన గ్రంథములు పెక్కు కలవు. మానవుడు తన ఆయుర్దాయమున ఇంచుమించు మూడవవంతు గడపెడి పడకను గూర్చి వ్రాసినవారు అరుదు. అందును, ఒడలెల్ల దురదతో రాత్రి తెల్లవార్లు గోకికొనెడివాని పడకను గూర్చి పలికినవారు మఱింత అరుదు. నేడు ఆ విషయమునే మీ యెదుట మనవి చేయబూనితిని. వినువారికిది చిన్నదిగా తోపవచ్చును. ఆ బాధ పడువారికిని, వారి తల్లులకును ఇది చిన్నది కాదు.

ముందుగా పేరులను గూర్చి ఒక మాట. మన పల్లెలలో చర్మమున దురద పుట్టినంతనే గజ్జి యనియో తామర యనియో పిలుతుము. ఆ పేరుల చాటున మూడు వేఱువేఱు రోగములు కలవు. గజ్జి, కంటికానని యొక పురుగు చర్మమును తొలుచుటవలన వచ్చును. ఇటలీ దేశపు వైద్యుడు బొనోమో 1687 లో సూక్ష్మదర్శినితో ఆ పురుగును చూచి వర్ణించెను. గుండ్రని మచ్చలుగా పుట్టి అంచున ప్రాకెడి తామర, బూజుజాతివలన వచ్చును. ఈ రెండును అంటుకొనునవి. మూడవది సంస్కృత వైద్యగ్రంథములలోని విచర్చికను పోలినది; దీనిని ఇంగ్లీషు వైద్యులు ఎక్జిమా అందురు. ఇది అంటురోగము కాదు. ఈ తారతమ్యమును ఎఱుగకపోవుటవలన ఎంత అన్యాయము జరుగునో బడిపంతులుగా నేను చూచితిని. మోచేతిమడతలలోను, మోకాళ్లవెనుకను గోకికొని పుండ్లు చేసికొనిన బాలురను దూరముగా కూర్చుండబెట్టుమని తోడిపిల్లల పెద్దలు కోరుచుండిరి. కొన్ని యిండ్లలో అట్టి బాలుని చాపయు వేఱుగా, వసారాలో ఒక మూలను పడుచుండెను.

ఇట్టివాని పడకను గూర్చి మన దేశమున మిగిలియున్న ప్రాచీనమగు కథలలో నొకటి బౌద్ధుల వినయపిటకమున కలదు. ఆనందునకు ఉపాధ్యాయుడగు బేలట్ఠసీసుడను స్థవిరునకు దట్టమగు చిడుము పుట్టి రసి కారుచుండెను. ఆ రసిచే చీవరములు ఒంటికి అంటుకొనిపోవుచుండగా, తోడిభిక్షువులు వానిని నీటితో తడిపి తడిపి మెల్లగా ఊడదీయుచుండిరి. వసతులను చూచుచు వచ్చిన బుద్ధుడు ఆ దృశ్యమును చూచి, కారణమడిగి, దురదగాని, కురుపులుగాని, రసికారు పుండ్లుగాని, చిడుముగాని గల భిక్షువు అడుగున వేఱొక గుడ్డ ధరింపవచ్చునని అనుమతించెను. పాళీభాషలో దానికి ‘కండుపటిచ్ఛాది’ యని పేరు. దురదను కప్పెడి గుడ్డ యని అర్థము. దాని కొలతయు నిర్ణయింపబడెను: సుగతుని జేనచే పొడవు నాలుగు జేనలు, వెడల్పు రెండు జేనలు. అంతకు మించినచో కత్తిరింపవలెను. రోగమున్నంతకాలమే దానిని ఆ పేరుతో ఉంచుకొనదగును.

ఈ కథకు కొంచెము ముందుగనే ఆ గ్రంథమున వేఱొక అనుమతి కలదు. కూర్చుండుటకు వాడు చిన్న ఆసనపుగుడ్డ పడకనంతయు కప్పజాలకుండెను. అందుచే పడకపై పఱచుటకు కావలసినంత పెద్దదుప్పటిని ఉంచుకొనవచ్చునని బుద్ధుడు పలికెను. ఈ రెండు అనుమతులను కలిపి చూచినచో ఒక సూక్ష్మము తెలియును. భిక్షువుల పఱుపులు ఉన్ని, గుడ్డ, నార, గడ్డి, ఆకులు అను ఐదింటితో కూరబడుచుండెను. అట్టివానిని నిత్యము ఉతుకుట పొసగదు. ఒంటికిని పఱుపునకును నడుమ నుండు పలుచని గుడ్డను మాత్రము ఎన్నిసారులైనను ఉతుకవచ్చును, మార్చవచ్చును. రోగికి సుఖమునిచ్చునది పఱుపు మందము కాదు, ఆ నడుమనున్న గుడ్డయే.

ఈ వినయనియమములతో మన తెలుగునేలకును సంబంధము కలదు. క్రీస్తుశకము అయిదవ శతాబ్దిలో బుద్ధఘోషుడు సింహళమున వినయవ్యాఖ్యానము రచించునపుడు పరిశీలించిన పూర్వవ్యాఖ్యలలో ‘అంధక’ అను పేరుగల దొకటి. అది ఆంధ్రదేశపు భిక్షువుల సంప్రదాయమునకు చెందినదని పండితుల అభిప్రాయము.

వైద్యులును ఈ విషయమును ఉపేక్షింపలేదు. చరకసంహిత శారీరస్థానమున శిశువు పడకను గూర్చిన విధి కలదు. పక్కగుడ్డలు మెత్తనివి, తేలికయైనవి, శుభ్రమైనవి కావలెను. చెమట, మురికి, పురుగులు, మలమూత్రములు తగిలినవానిని విడువవలెను. వేఱు గుడ్డలు లేనియెడల ఆ గుడ్డలనే బాగుగా ఉతికి, ధూపమువేసి, చక్కగా ఆఱబెట్టి వాడవలెను. ఈ కడపటి మాట నాకు మిక్కిలి ప్రియమైనది. ఏలయనగా, అది బీదతల్లిని మఱువలేదు. క్రొత్తది కొనుమని శాసింపలేదు; ఉన్నదానిని ఉతుకుమని చెప్పినది.

ఉతుకుటకు ఓర్చి, ఉతికినకొలది మెత్తనగు గుణము నూలుగుడ్డకు కలదు. ఆ నూలు మన దేశపు సొమ్ము. మొహెంజొదారో త్రవ్వకములలో వెండిపాత్రకు అంటుకొని దొరకిన నూలుగుడ్డ తునక నాలుగువేల యేండ్లకు పైబడినది. పదునేడు పదునెనిమిది శతాబ్దులలో మచిలీపట్టణము మొదలగు కోరమండలపు రేవులనుండి ‘పలంపూరు’ అను అద్దకపు నూలుదుప్పట్లు హాలెండునకును, ఇంగ్లండునకును పోయెను. పడకపై కప్పెడి గుడ్డ యను అర్థముగల పలంగుపోషు అను మాటయే ఆ దేశములవారి నోట అట్లు మాఱెను. ఉతికినను రంగు పోని ఆ గుడ్డలను చూచి అచటి ఉన్ని, పట్టు పరిశ్రమలవారు భయపడిరి. 1721 లో ఇంగ్లండు పార్లమెంటు అద్దకపు నూలుగుడ్డలను ధరించుటయే గాక, గృహోపకరణములలో వాడుటయు నిషేధించెను. 1774 వఱకు ఆ శాసనము తొలగలేదు. ప్రజల ఒంటికి ఏది హితమో విచారింపక, వర్తకుల లాభమునుబట్టి పడకగుడ్డ నిర్ణయింపబడుటకు ఇదియొక నిదర్శనము.

తరువాతి శతాబ్దిలో వేఱొక వింత జరిగెను. 1880 ప్రాంతమున జర్మనీలోని స్టుట్‌గార్టు నగరపు ఆచార్యుడు గుస్టావ్ యేగర్, మనుష్యుడు ఉన్నినే ధరింపవలెననియు, ఉన్నిలోనే పరుండవలెననియు, నూలు నారబట్టలు హానికరములనియు బోధించెను. చదువరులు పలువురు ఆ మాటను నమ్మిరి. లండనులో ఆయన పేర అంగడియు వెలసెను. సున్నితచర్మముగలవారికి ఆ బోధ ఎట్లుండునో ఊహింపుడు! 1980 లో హానిఫిన్, రాయ్కా అను వైద్యులు ఎక్జిమాను గుర్తించుటకు కూర్చిన లక్షణముల పట్టికలో, ఉన్నిబట్ట ఒంటికి పడకుండుటయు, చెమట పట్టినపుడు దురద పుట్టుటయు చేరియున్నవి.

దీనికి కారణము కలదు. మిల్లీమీటరులో నూఱింట మూడువంతులకు మించిన లావుగల ఉన్నిపోగుల కొనలు వంగక చర్మమును గ్రుచ్చును. మిక్కిలి సన్నని ఉన్ని అట్లు గ్రుచ్చదు. మన దక్కను గొఱ్ఱెల ఉన్ని ముతకది. గొంగళి వానకును, చలికిని దొడ్డ రక్షణయే. దురదగలవాని ఒంటికి మాత్రము నేరుగా తగులరాదు. మఱియు, స్కాట్లండులోని డండీ నగర పరిశోధకులు 2006 లో ఒక సంగతి వెల్లడించిరి. చర్మపు పైపొరను గట్టిపఱచు ఫిలాగ్రిన్ అను పదార్థము పుట్టుకనుండియే కొఱవడుట ఈ వ్యాధికి ముఖ్యకారణములలో నొకటి. అట్టి చర్మము సున్నము రాలిన గోడవంటిది. లోని తడి బయటికి పోవును. బయటి చెఱుపు లోనికి చేరును. ఇది రోగి చేసికొనిన పాపమును గాదు, మురికితనమును గాదు.

వెల హెచ్చినదే మేలనుకొనుటయు పొరపాటే. ఇంగ్లండులో మూడువందలమంది ఎక్జిమాగల పిల్లలకు పట్టుతో కుట్టిన ప్రత్యేకవస్త్రముల నిచ్చియు, ఈయకయు పరీక్షించి, 2017 లో ఫలితము ప్రకటించిరి. మామూలు చికిత్సకంటె పట్టువలన అదనపు మేలు కనబడలేదు. పఱుపులలోని ధూళిపురుగును 1960 దశకమున హాలెండులోని లైడెన్ నగర శాస్త్రజ్ఞులు వెలికి తెచ్చిరి. ఉబ్బసము, తుమ్ములు గలవారికి అది పగయైనను, పఱుపునకు వెలగల తొడుగు వేసినంతనే ఎక్జిమా తగ్గునని రూఢి కాలేదు.

ఇంతటి చరిత్రనుండి మన యింటికి తెచ్చుకొనదగినవి కొన్ని కలవు. దురదగలవానికి పలుచని, నునుపైన నేతగల నూలుదుప్పటి పఱవుడు. క్రొత్తదుప్పటిలో గంజియు, నేతపసరును, ముడుతలు పడకుండుటకు పట్టించిన మందులును ఉండును. కావున ఒకటి రెండుమాఱులు ఉతికిన పిమ్మటనే వాడుడు. అవ్వ కట్టి విడిచిన పాతనూలుచీర క్రొత్తదుప్పటికంటె హితమైనది. గొంగళిగాని, ముతకబొంతగాని, ఈతచాపగాని ఉన్నచో దానిపై ఈ గుడ్డను పఱచి అంచులు లోనికి మడువుడు. చెమట పీల్చని పాలియెస్టరు దుప్పట్లను మానుడు. వెచ్చదనము మితిమీఱిన దురద హెచ్చును గాన, ఒక మందపు కప్పుదలకు మాఱుగా రెండు పలుచనివి ఉంచి, అవసరమునుబట్టి ఒకటి తీయుడు. వారమున కొకమాఱైనను వేడినీట ఉతికి, సబ్బు మిగులకుండ రెండుమూడు నీళ్లలో జాడించి, ఎండలో ఆఱబెట్టుడు. నీటివేడి అఱువది డిగ్రీలకు తక్కువ కానిచో ధూళిపురుగును చచ్చును. దిండు గలీబునకు గంజి పెట్టింపకుడు.

గజ్జియైనచో మాత్రము ఇంటిల్లిపాదికిని వైద్యుని మందు ఒకేనాడు వాడి, పక్కగుడ్డలు వేడినీట ఉతుకవలెను. ఉతుకరానివానిని వారము దినములు మూటగట్టి ఉంచవలెను. మనుష్యుని ఒంటిని వీడిన గజ్జిపురుగు సాధారణముగా రెండుమూడు నాళ్లకంటె బ్రదుకదు. ఏ దురద ఏదియో వైద్యునిచేతనే నిర్ణయింపజేయుడు. పడక ఔషధము కాదు. ఔషధము పనిచేయుటకు తోడ్పడునది మాత్రమే.

పెద్దలారా! గ్రామమున మీ మాటకు విలువ కలదు. ఎక్జిమాగల బిడ్డ చాపను మూలకు నెట్టినచోట, అది అంటదని మీరు ఒక్కమాట పలికిన చాలును; ఆ బిడ్డ మరల తోబుట్టువుల నడుమ పరుండును. బేలట్ఠసీసుని తోడిభిక్షువులు ఆయనను విడిచి దూరముగా పోలేదు. నీళ్లు తెచ్చి, గుడ్డను తడిపి, నొవ్వకుండ ఊడదీసిరి. మన యిండ్లలోను అంతమాత్రపు ఓర్పు, ఒక ఉతికిన నూలుగుడ్డ ఉన్నచో ఎందఱో బిడ్డలు రాత్రి కన్నుమూయగలరు.