లారీ బ్యాటరీ: వేసవిని తట్టుకునేది ఎంచుకోవడం ఎలా?

విజయవాడ: వానలు మొదలైన తర్వాత ఒక తెల్లవారుజామున లారీ సెల్ఫ్ అందుకోకపోతే నింద చలిగాలిపై పడుతుంది. వాస్తవానికి ఆ బ్యాటరీని దెబ్బతీసింది అంతకు ముందు గడచిన వేసవి. చలిలో బయటపడేది బలహీనత మాత్రమే. రెంటచింతల, కొత్తగూడెం, రామగుండం వంటి చోట్ల మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. అటువంటి ప్రాంతాలలో తిరిగే లారీకి చలిదేశాల కొలమానాలతో బ్యాటరీ కొంటే నష్టపోక తప్పదు. కైకలూరు నుంచి మంచు నింపిన చేపల పెట్టెలతో బయలుదేరిన లారీ దారిలో నిలిచిపోతే పోయేది బ్యాటరీ ధర ఒక్కటే కాదు. సరకు పాడవుతుంది, కిరాయి కోతపడుతుంది, ఫైనాన్సు వాయిదా మాత్రం ఆగదు.

వేడి చేసే కీడు

సీసం, ఆమ్లంతో పనిచేసే బ్యాటరీకి అనుకూలమైన ఉష్ణోగ్రత సుమారు 25 డిగ్రీలు. ఆపైన నిరంతరం 8 నుంచి 10 డిగ్రీలు అధికంగా ఉంటే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో స్థూలంగా అనుసరించే లెక్క. వేడికి లోపలి పాజిటివ్ పలకల చట్రం త్వరగా తినివేయబడుతుంది. నీరు ఆవిరవుతుంది. లారీ నిలిపి ఉంచినప్పటికీ ఛార్జి దానంతటదే తరిగిపోతుంది. ఛాసిస్ పక్కన ఉండే బ్యాటరీ పెట్టెకు ఎండతోపాటు తారురోడ్డు సెగ, సైలెన్సర్ వేడి కూడా తగులుతాయి. అందువలన పెట్టెలోని ఉష్ణోగ్రత నీడలో నమోదైన దానికంటే ఎక్కువగానే ఉంటుంది.

ఏ అంకె చూడాలి?

బ్యాటరీపై ముద్రించే అంకెలలో సీసీఏ ఒకటి. మైనస్ 18 డిగ్రీల చలిలో 30 సెకన్లపాటు ఎంత కరెంటు ఇవ్వగలదో అది తెలుపుతుంది. మన జిల్లాలు అంతటి చలిని ఎన్నడూ ఎరుగవు. ఈ అంకెను పెంచడానికి పలుచని పలకలను ఎక్కువ సంఖ్యలో అమర్చుతారు. పలుచని పలక వేడికి త్వరగా తరుగుతుంది. కాబట్టి వాహన తయారీదారు కోరిన కనీస సీసీఏ ఉంటే చాలు, అంతకు మించిన దానికోసం అధిక ధర చెల్లించనక్కరలేదు.

చూడవలసినది ఏహెచ్ సామర్థ్యం. 150 ఏహెచ్ బ్యాటరీ అంటే 20 గంటలపాటు 7.5 ఆంపియర్ల చొప్పున ఇవ్వగలదని అర్థం. ఒకే సామర్థ్యం గల రెండు బ్యాటరీలను పోల్చినప్పుడు బరువైన దానిలో సాధారణంగా సీసం ఎక్కువ, పలకలు మందం. పలకలపైన యాసిడ్ నిల్వకు చోటు ఎక్కువగా ఉన్నది వేసవికి శ్రేయస్కరం.

రకాలు, గుణదోషాలు

యాంటిమొనీ కలిపిన పలకల బ్యాటరీ పూర్తిగా దిగిపోయినా తేరుకుంటుంది, కానీ నీరు ఎక్కువ తాగుతుంది. కాల్షియం పలకలది నీటి వినియోగం తక్కువ, నిల్వలో ఛార్జి నిలుస్తుంది, అయితే తరచూ పూర్తిగా దిగిపోతే పాడవుతుంది. పాజిటివ్‌కు స్వల్ప యాంటిమొనీ, నెగెటివ్‌కు కాల్షియం వాడిన హైబ్రిడ్ రకం ఈ రెంటికీ మధ్యస్థం. దూరప్రయాణపు లారీలకు ఇది అనువైనది. ఏజీఎం రకం కుదుపులను బాగా తట్టుకుంటుంది గాని ధర ఎక్కువ. వేడికి నీరు కోల్పోతే దానిలో తిరిగి నింపే వీలు లేదు.

దుకాణంలో పరీక్షించవలసినవి

* తయారీ నెల, సంవత్సరం. మూడు నెలలు దాటి నిల్వ ఉన్నదైతే మధ్యలో ఛార్జింగ్ చేశారా అని అడగాలి. ఎండ పడేచోట పేర్చిన సరకు తీసుకోరాదు.
* వోల్టేజి. మీటరు 12.4 వోల్టులకు తక్కువ చూపితే ఛార్జింగ్ చేసిన తర్వాతనే తీసుకోవాలి.
* పొడి బ్యాటరీ అయితే యాసిడ్ పోసిన వెంటనే బిగించకుండా తొలి ఛార్జింగ్ పూర్తి చేయించాలి. ఉష్ణప్రాంతాలలో నిండు ఛార్జి వద్ద యాసిడ్ సాంద్రత 1.240 నుంచి 1.260 వరకు ఉంటే సరిపోతుంది. గాఢమైన యాసిడ్ పలకలను త్వరగా తినివేస్తుంది.
* వారంటీ. ఎన్ని నెలలు ఉచితంగా మార్చి ఇస్తారు, ఎన్ని నెలలు ధరలో కొంత మాత్రమే తగ్గిస్తారు అన్నది విడివిడిగా చదవాలి. లారీకి, కారుకు గడువులు వేరుగా ఉండవచ్చు. బిల్లు, ముద్ర వేసిన కార్డు భద్రపరచుకోవాలి.

జతగానే మార్చాలి

భారీ లారీలలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిసి 24 వోల్టులు ఇస్తాయి. ఒకటి పాతది, ఒకటి కొత్తది అయితే బలహీనమైనది కొత్తదానిని కూడా కుంగదీస్తుంది. ఒకే కంపెనీ, ఒకే సామర్థ్యం, ఒకే నెలలో తయారైన జతను బిగించడం ఉత్తమం. పాటల పెట్టెకో, అలంకరణ దీపాలకో జతలో ఒక్క బ్యాటరీ నుంచే తీగ లాగడం చాలా లారీలలో కనిపించే అలవాటు. దీనివలన ఒకటి దిగిపోతూ రెండవది అతిగా ఛార్జి అవుతూ రెండూ చెడిపోతాయి. 24 నుంచి 12 వోల్టులకు మార్చే కన్వర్టర్ అమర్చడమే సరైన మార్గం.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే 3.5 టన్నులకు మించిన సరకు వాహనాల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అయింది. ఇంజిను ఆపి బ్లోయరు, ఫ్యాను, దీపాలు రాత్రంతా వాడితే ఆ భారమంతా బ్యాటరీపైనే పడుతుంది.

ఛార్జింగ్, నిర్వహణ

ఇంజిను నడుస్తుండగా జతపై సాధారణంగా 27.5 నుంచి 28.5 వోల్టులు ఉండాలి. 29 దాటుతుంటే నీరు తరచూ తగ్గిపోతుంది. అప్పుడు మార్చవలసింది బ్యాటరీని కాదు, ఆల్టర్నేటర్ రెగ్యులేటరును పరీక్షించాలి. మూత తీసే బ్యాటరీలలో వేసవిలో పదిహేను రోజులకొకసారి నీటిమట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీటిలోని లవణాలు పలకలకు హాని చేస్తాయి. తగ్గింది కదా అని యాసిడ్ పోయరాదు. సెల్లుల సాంద్రతల మధ్య తేడా 0.050 దాటితే ఒక సెల్లు బలహీనపడినట్లే. బిగింపు క్లాంపు వదులైతే కుదుపులకు పలకలు రాలిపోతాయి. సైలెన్సర్‌కు, పెట్టెకు మధ్య వేడిని అడ్డుకునే రేకు ఊడిపోతే తిరిగి వేయించాలి.

ఛార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్ వాయువుకు నిప్పురవ్వ చాలు. బ్యాటరీ పెట్టె వద్ద బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు. యాసిడ్ కంట్లో పడితే వెంటనే ధారాళంగా నీటితో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

ధర కాదు, నెలకు ఖర్చు

ఉదాహరణకు రూ.12,000 బ్యాటరీ 18 నెలలు పనిచేస్తే నెలకు సుమారు రూ.667 ఖర్చు. రూ.15,000 బ్యాటరీ 30 నెలలు వస్తే నెలకు రూ.500 మాత్రమే. దారిలో నిలిచిపోయిన ఒక్క రోజు నష్టం ఈ తేడాను మించుతుంది. పాతదానిని ఇంటి వద్ద పగులగొట్టించడం, సీసం కరిగించేవారికి అమ్మడం ప్రమాదకరం. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడిన వాటిని సేకరించి శుద్ధికి పంపే బాధ్యత తయారీదారులపై ఉంది. కొత్తది కొనేచోట పాతది అప్పగించి, దాని విలువను బిల్లులో తగ్గించుకోవడం యజమానికి మేలు.