ఉద్దానం గాలికి ఓడల లెక్క

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉండుండి 165 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయని వాతావరణ శాఖ లెక్క. పలాస నుంచి జలంత్రకోట, ఇచ్ఛాపురం దాకా ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు లక్షల్లో నేలకొరిగాయి. శాఖ వర్గీకరణలో తిత్లీది 'అతి తీవ్ర తుపాను' తరగతి.

ఆ తరగతులు చూస్తే కాస్త వింతగా ఉంటాయి. తుపాను అనిపించుకోవాలంటే గాలి వేగం 62 కిలోమీటర్లు ఉండాలి. తీవ్ర తుపానుకు 89, అతి తీవ్రానికి 118. హాయిగా 60, 90, 120 అని పెట్టుకోవచ్చుగా! పెట్టుకోలేదు, ఎందుకంటే ఆ అంకెలు కిలోమీటర్లలో పుట్టలేదు. వాటి అసలు రూపం 34, 48, 64 నాట్లు. నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. 34ను దానితో గుణిస్తే నిజానికి 62.97 వస్తుంది. 63 అనాల్సింది, మన పట్టికలో 62 గానే స్థిరపడిపోయింది.

పోనీ 34, 48, 64 మాత్రం గుండ్రని అంకెలా? కావు. వాటి వెనక ఇంకో లెక్క ఉంది. 1805 ప్రాంతంలో బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ గాలికి 0 నుంచి 12 దాకా మెట్లు కట్టాడు. కొలిచే పరికరమేదీ వాడలేదు. యుద్ధనౌక ఎంత తెరచాప విప్పి నిలవగలదన్నదే కొలమానం. ఏ తెరచాపా తట్టుకోలేనిది 12. తర్వాతి కాలంలో ఆ మెట్లకు వేగాలు అమర్చారు. 8వ మెట్టు 34 నాట్ల దగ్గర, 10వది 48 దగ్గర, 12వది 64 దగ్గర మొదలవుతాయి. అంటే టీవీలో మనం వినే 118 తెరచాపల కాలం నాటిది.

నాట్ పుట్టుక కూడా ఓడ మీదే. తాడుకు చెక్క కట్టి ఓడ వెనక నీళ్లలోకి వదిలేవారు. చెక్క ఉన్నచోటే తేలుతుంటే, ఓడ సాగేకొద్దీ తాడు నావికుడి చేతిలోంచి జారుతుంది. తాడుకు 47 అడుగుల 3 అంగుళాలకొక ముడి. 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు ఎన్ని ముడులు జారితే వేగం అన్ని నాట్లు. లెక్క కట్టి చూడండి, ఒక్కో ముడికి గంటకు 6,075 అడుగులు. ఇప్పటి సముద్ర మైలు, అంటే 1929లో ఖాయం చేసిన 1,852 మీటర్లు, దాదాపు 6,076 అడుగులు. తాడుతో, ఇసుకతో కట్టిన లెక్కలో ఒక్క అడుగే తేడా!

1956 చట్టంతో మన దేశం మెట్రిక్ బాట పట్టింది. రోడ్డు మీద మైళ్లు పోయాయి. ఓడలు, విమానాలు మాత్రం నాట్లను వదల్లేదు. నాట్లను నోటిలెక్కగా కిలోమీటర్లలోకి మార్చాలంటే రెట్టింపు చేసి పదో వంతు తీసేస్తే చాలు, కాస్త తక్కువగా వస్తుంది. 80 నాట్లకు 144 వస్తుంది, అసలైనది 148.

ఇక గాలి తోపు లెక్కకు సెకనుకు మీటర్లు కావాలి. కిలోమీటర్లను 3.6తో భాగిస్తే వస్తాయి. 150 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 42 మీటర్లు. ఆ గాలికి ఎదురు నిలిచిన చదరపు మీటరు గోడ మీద పడే తోపు వంద కిలోల పైమాటే. వేగం సగమైతే తోపు నాలుగో వంతే. 75 కిలోమీటర్ల గాలికి ఊగి నిలిచే కొబ్బరి 150కి కూలిపోవడంలో వింత లేదు.

ఒకే తుపానుకు విదేశీ సైట్లలో ఇంకా పెద్ద అంకె కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. మన శాఖ మూడు నిమిషాల సగటు తీస్తుంది, అమెరికా వాళ్లు ఒక్క నిమిషానిది. తక్కువ సేపటి సగటు ఎక్కువే చూపిస్తుంది. ఈ తేడాను సరిచేయడానికి 1.852 లాంటి ఖాయమైన గుణకం లేదు.