తంతివార్త నుండి ‘అన్‌లిమిటెడ్’ డేటా వరకు

ప్రత్తి, మిరప పండించు సీమలలో పంట చేతికి వచ్చుట ఎంత ముఖ్యమో, దాని ధర చెవికి చేరుట కూడ అంత ముఖ్యము. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో పండిన పంటకు ధర నిర్ణయమగు చోటు తరచుగా దూరమున నుండును. ఆ దూరమును దాటి వచ్చు వార్తకు ప్రతి తరమువారును రుసుము చెల్లించుచునే యున్నారు. అయితే ఆ రుసుమును దేనితో కొలిచిరి? క్రొత్త స్మార్ట్‌ఫోను కొని, ఏ కంపెనీ వారి ‘అన్‌లిమిటెడ్’ ప్లాను మేలో తేల్చుకొనలేకున్న నేటి కుటుంబమునకు ఈ ప్రశ్న చాల పనికివచ్చును.

మొదటి కొలత మాట. 1855లో మన దేశమున తంతివార్తలు ప్రజలకు అందుబాటులోనికి వచ్చెను. చిరునామాతో కలిపి 16 మాటలకు, ప్రతి 400 మైళ్ల దూరమునకు ఒక రూపాయి చొప్పున రుసుము విధించిరి. 1861-65 మధ్య అమెరికాలో అంతర్యుద్ధము జరుగగా, అక్కడి ప్రత్తి ఇంగ్లండు మిల్లులకు అందక భారతదేశపు ప్రత్తికి గిరాకి పెరిగెను. గుంటూరు ప్రాంతపు ప్రత్తికి వర్తకులలో ‘కోకనాడా’ అని పేరు. కాకినాడ రేవును బట్టి ఆ పేరు వచ్చినది. 1865లో ఇంగ్లండుకు తంతి మార్గమును, 1870లో సముద్రగర్భపు తీగయు ఏర్పడిన పిమ్మట లివర్‌పూలు ధర భారతదేశమునకు వేగముగా చేరసాగెను. కాని ఆ వార్త మొదట తెలిసినది రుసుము చెల్లించగల వర్తకునకే. మాటకు డబ్బు గనుక, వర్తకులు సంకేత పుస్తకములను వాడి, ఒక వాక్యమంత అర్థమును ఒక్క మాటలో ఇమిడ్చి పంపుచుండిరి.

రెండవ కొలత కాలము. టెలిఫోనులో ట్రంకు కాలునకు మూడేసి నిమిషముల లెక్క. 1960 నవంబరులో కాన్పూరు, లక్నో నగరముల మధ్య ఎస్.టి.డి. మొదలైన పిమ్మట, ఆపరేటరుతో పనిలేకుండ దూరప్రాంతములకు మాటలాడు వీలు క్రమముగా దేశమంతట వ్యాపించెను. 1995 జూలై 31న దేశములో మొదటి సెల్‌ఫోను సంభాషణ కలకత్తా, ఢిల్లీల మధ్య జరిగెను. తొలినాళ్లలో కాలు చేసినవారే కాక అందుకొన్నవారును రుసుము చెల్లింపవలసి యుండెను. ఆ భారము 2003లో తొలగెను. అయినను నిమిషమునకు డబ్బు గనుక, మన వారు ‘మిస్డ్ కాలు’ అను ఉపాయమును కనిపెట్టిరి. ఒకసారి మ్రోగినచో ‘చేరితిని’, రెండుసార్లు మ్రోగినచో ‘నీవే ఫోను చేయుము’! లివర్‌పూలు వర్తకుని సంకేత పుస్తకమునకు ఇది తమ్ముడు. దేనిని బట్టి డబ్బు తీసికొందురో దానిని పొదుపు చేయుట మానవ స్వభావము.

మూడవ కొలత గిగాబైటు. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు ఆరంభమైన తరువాత, మాటలాడుటకు వేరు లెక్క క్రమముగా పోయి, డేటాయే ముఖ్యమైన సరుకు అయ్యెను. నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల ప్రకారము, 2014లో ఒక గిగాబైటునకు సగటున 269 రూపాయలు పడగా, 2018లో 11 రూపాయల 78 పైసలు పడినది. ‘అన్‌లిమిటెడ్’ అను మాట అప్పుడే ఇంటింటికి చేరెను.

అయితే డేటా నిజముగా అపరిమితము కాగలదా? ఒక టవరు వాడుకొను రేడియో తరంగముల పట్టీ వెడల్పు పరిమితము. అట్టి పట్టీలో సెకనుకు ఇంతకు మించి సమాచారము పంపరాదను హద్దును 1948లో క్లాడ్ షానన్ గణితముతో నిరూపించెను. ఊరివారందరును ఆ టవరు శక్తినే పంచుకొనవలెను. కనుక ఎక్కడనో ఒక హద్దు ఉండి తీరును. సాధారణ ప్లానులలో దినసరి కోటా ముగిసిన పిమ్మట వేగము సెకనుకు 64 కిలోబిట్లకు, అనగా 8 కిలోబైట్లకు పడిపోవును. 2 మెగాబైట్ల మిరపకాయల ఫోటో ఒకటి పంపుటకు అప్పుడు 250 సెకన్లు, అనగా 4 నిమిషములకు పైగా పట్టును.

మిర్చి యార్డులో టిక్కీని పైనుండి చూచి డబ్బు చెల్లించరు. క్వింటాలు ధర కట్టి తూచెదరు. ప్లానును కూడ అట్లే తూచవలెను. 2024 జూలైలో జియో వారు దినమునకు 1.5 గిగాబైట్లు గల 28 దినముల ప్లానును 299 రూపాయలు, 2 గిగాబైట్లు గల ప్లానును 349 రూపాయలు చేసిరి. ‘నెల’ అని మనము అనుకొన్నది 28 దినములే గనుక సంవత్సరమునకు 13 మార్లు రీచార్జి చేయవలెను. 299 రూపాయల ప్లానుకు సంవత్సరమునకు 3,887 రూపాయలు. పూర్తిగా వాడినచో 42 గిగాబైట్లు. గిగాబైటునకు సుమారు 7 రూపాయలు. 10 మాత్రమే వాడు ఇంట అదే గిగాబైటు సుమారు 30 రూపాయలు పడును! చౌక అనునది ప్లానులో లేదు, మన వాడుకలో ఉన్నది.

5జి ఫోను కొనువారు మరియొక సంగతి గమనింపవలెను. 2024 జూలై మార్పులలో జియో, ఎయిర్‌టెల్ సంస్థలు అపరిమిత 5జిని దినమునకు 2 గిగాబైట్లు, అంతకు మించిన ప్లానులకే పరిమితము చేసినవి. ఫోను 5జిది అయినను, పొలము వద్ద 5జి సంకేతము అందనిచో అది 4జికి మారును. అప్పుడు వాడినది దినసరి కోటాలో తగ్గును. కనుక ప్లాను కంటె ముందు పరీక్షింపవలసినది మన ఇంటను, చేనిలోను అందు సంకేతమును. 2011 జనవరి నుండి దేశమంతట నంబరు మారకుండ కంపెనీని మార్చుకొను వీలు కలదు గనుక, ఒకసారి ఎంచుకొన్న కంపెనీకి కట్టుబడి ఉండవలసిన పని లేదు. డేటా అక్కరలేని వృద్ధులకై, మాటలకును సందేశములకును మాత్రమే పనికివచ్చు ప్లానులు ఉండవలెనని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించినది.

విద్యార్థులు ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. ఇంటిలోని ఫోను సెట్టింగులలో గత నెల వాడిన డేటా ఎంతయో చూచి, చెల్లించిన రూపాయలను దానితో భాగించి, గిగాబైటు ధరను నోటుపుస్తకములో వ్రాయుడు. తరగతిలోని పది ఇండ్ల లెక్కలు ప్రక్కప్రక్కన నుంచినచో, ఒకే ప్లాను ఒక ఇంట చౌకగాను, వేరొక ఇంట ప్రియముగాను ఉండుట కనబడును.