కోరంగి రేవునుండి మారిషస్ దీవికి

పోతనాళ పరిసరములందు స్థిరపడిన మన కుటుంబములకు వలస యన్నది క్రొత్త మాట కాదు. 1953లో తుంగభద్ర ఆనకట్ట వెలసి, ఎడమ కాలువ నీరు క్రమముగా ఈ నల్లరేగడి నేలలకు పారిన పిదప, కోస్తా జిల్లాల రైతులు ఇచ్చట భూములు కొని, క్యాంపులు కట్టుకొని నిలిచిరి. మన పెద్దలు రైలెక్కి వచ్చిరి. పండుగకు మరల స్వగ్రామము పోగలిగిరి. అట్లు మరలివచ్చుట కష్టమైనంత దూరము పోయిన తెలుగువారి సంగతి తెలిసికొనవలెనని మాకు చిరకాలముగా కోరిక యుండెను. ఉద్యోగ విరమణానంతరము మారిషస్ దీవిని చూచు భాగ్యము మాకు కలిగినది.

హిందూ మహాసముద్రమున నున్న ఆ దీవి మన రాయచూరు జిల్లాలో మూడవ వంతైనను లేదు. ఎటు చూచినను చెఱకు తోటలే. ఆ చెఱకే మనవారిని అచ్చటికి ఈడ్చినది. 1835లో ఆ దీవిలో బానిసత్వము రద్దయ్యెను. తోటల యజమానులకు పనివారు కావలసి వచ్చిరి. అంతకు ముందే, 1834 నవంబరు 2వ తేదీన, ‘అట్లాస్’ అను ఓడలో కలకత్తానుండి 36 మంది కూలీలు దిగిరి. పిమ్మట కొలది సంవత్సరములకే గోదావరీ ముఖమున నున్న కోరంగి రేవునుండి తెలుగువారు ఓడలెక్కిరి. 1839లో ఘోరమైన తుపాను ఆ రేవును నాశనము చేసినది. ఆ యేటనే ప్రభుత్వమువారు కూలీల యెగుమతిని నిషేధించి, 1842లో మారిషస్‌కు తిరిగి అనుమతించిరి. తరువాత మద్రాసు రేవునుండియు అనేకులు పోయిరి.

ఒడంబడిక ఐదేండ్లు, తొలి దినములలో జీతము నెలకు ఐదు రూపాయలు, తిండిగింజలు. ఒకనాడు పని మానినచో రెండు దినముల కూలి కోసెడివారు. పోర్టు లూయీ నగరమున వారు దిగిన రేవును నేడు ఆప్రవాసీ ఘాట్ అందురు. 2006లో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. వివిధ ప్రాంతములనుండి సుమారు ఐదు లక్షలమంది భారతీయులు ఆ దీవికి వచ్చిరి. ఆ రాతిమెట్లపై నిలిచినప్పుడు మాకు నోట మాట రాలేదు. మూటయు, ఒక సంఖ్యయు తప్ప చేత వేఱేమియు లేక ఆ మెట్లెక్కిన మనవారు తలపునకు వచ్చిరి. నాటి వలస చిట్టాలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థయందు భద్రముగా నున్నవి. జీవితమంతయు చిట్టాలు వ్రాసిన మాకు, ఒక వంశమునకు మూలపురుషుని జాడ చెప్పునది ఏదో గుమాస్తా వ్రాసిన ఒక్క పంక్తి యగుట మిక్కిలి విస్మయము గొలిపినది.

ఆ దీవి జనులలో ఇంచుమించు సగము మంది హిందువులు. శివరాత్రికి వేలాదిగా గంగాతలావునకు కాలినడకన పోవుదురు. మనవారు సింహాద్రి అప్పన్నను, అమ్మోరును మఱువలేదు, రామభజనము చేయుదురు. ఒక పల్లె గుడిలో ఒక వృద్ధుడు ఏ పుస్తకమును చూడక తెలుగు భజనలు పాడగా వింటిమి. పిదప మేము, “అయ్యా, మీ పెద్దలది ఏ ఊరు?” అని తెలుగున అడిగితిమి. ఆయన నవ్వి ఊరకుండెను. మా మాట ఆయనకు తెలియలేదు! వారి యింట పలుకుబడి క్రియోల్ భాష. ప్రక్కనున్న మనుమరాలు బడిలో తెలుగు నేర్చుకొన్న పిల్ల. ఆమె యొక్కొక్క మాటయే కూర్చుకొని, “తాతగారికి పాట వచ్చును, మాట రాదు” అని బదులు చెప్పినది.

ఆ పిల్లకు భాష ఇంటినుండి రాలేదు. సంఘము పూనికతో వచ్చినది. 1940లలో వెలసిన మారిషస్ ఆంధ్ర మహాసభ మొదలైనవి పాటుపడినందున నేడు అచ్చటి బడులలో తెలుగు ఒక పాఠ్యాంశము. ఉగాది దేశమంతటికి సెలవు దినము. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవియందే జరిగినవి.

ఇంటికి వచ్చిన దినముననే మా మనుమడు ఉత్సాహముతో ప్రయాణ విశేషము లడిగెను. చక్కని తెలుగే మాటలాడెను. మేము తెచ్చిన తెలుగు కరపత్రమును చేతికీయగా, “చదవడం రాదు తాతయ్యా, మీరే చదవండి” అనెను. కన్నడమున మంచి మార్కులు తెచ్చుకొను పిల్లవాడు. అది మాకు సంతోషమే. మనకు అన్నము పెట్టిన నేల భాష అది. కాని అచ్చటి తాతకు పాట మిగిలి మాట పోయినది. ఇచ్చటి మనుమనికి మాట యున్నది, అక్షరము లేదు. అక్షరము లేని మాట ఎన్ని తరములు నిలుచును?

గుడులు కట్టుటలో మనము వెనుకబడలేదు. ఆ గుడి మండపములోనే ఆదివారము ఒక గంట పిల్లలకు ఓనమాలు దిద్దించుట మనకు అసాధ్యమా? పలకా బలపము తెచ్చుకొన్నచో చాలును. చెప్పుటకు మావంటి విశ్రాంత గుమాస్తాలు ఊరూర నున్నారు. ఈ సంచికను మన మనుమలు అటకపై దాచుకొనుట గాక, తీసి చదువుకొనవలెనని మా కోరిక.